ఆ కౌంటర్ దగ్గర మీరు ఉండరు

ఫిలిప్పీన్స్ అమ్మాయితో పెళ్లి నిశ్చయించుకుని, ఆమెను ఇండియాకు రప్పించుకోవాలనుకుంటున్న తెలుగు తమ్ముళ్లకు బహిరంగ లేఖ

తమ్ముళ్లూ,

మీలో ఒకరు దోహా నుంచి రాస్తారు, ఒకరు గచ్చిబౌలి నుంచి, ఇంకొకరు కాకినాడ నుంచి. అడిగేది మాత్రం ఒకటే. "అన్నా, మా అమ్మాయి మనీలాలో విమానం ఎక్కాలంటే ఏమేం కాగితాలు కావాలి? జాబితా పంపండి." మొదట్లో పంపేవాణ్ని. పాస్‌పోర్టు, వీసా, రానుపోను టికెట్, ఆహ్వాన పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్ అంటూ పచారీ కొట్టుకు చీటీ రాసినట్టు రాసేవాణ్ని. ఇప్పుడు మానేశాను. ఆ చీటీలో ఉన్నవన్నీ ఫైల్లో సర్దుకుని వెళ్లిన అమ్మాయి వెనక్కి వచ్చింది. ఫైలు తెరవకుండానే దాటిపోయిన అమ్మాయీ ఉంది. విదేశం వెళ్లే సొంత దేశస్థులను కూడా ప్రశ్నించే మనీలా ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆమెను ఏమడుగుతారో, ఆమె ఏం చెప్పగలదో మీలో ఒక్కరు కూడా నన్ను అడగలేదు. అందుకే విడివిడిగా జవాబులు రాయడం ఆపి, అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగు. కాస్త కోపం కూడా ఉంటుంది. ఆ కోపంలో సగం నా మీదే.

నేను దోహాలో ఒక ఆసుపత్రి లెక్కల విభాగంలో పనిచేసేవాణ్ని, ఆమె అక్కడే ల్యాబ్‌లో. ఒప్పందం ముగిసి ఆమె వాళ్ల ఊరు వెళ్లిపోయింది, నేను రాజమండ్రి వచ్చేశాను. 2018లో ఆమెను మా ఇంటికి రమ్మన్నాను. మూడు వారాలు ఉండి మా వాళ్లను చూసి వెళ్లాలని అనుకున్నాం. టికెట్ నా కార్డు మీద నేనే కొన్నాను. అప్పుడు తెలిసిన పెద్దమనిషి ఒకాయన సలహా ఇచ్చాడు. "ప్రియుడి దగ్గరకు వెళ్తున్నానంటే ఆపేస్తారు. ఒంటరిగా తాజ్‌మహల్ చూడటానికి వెళ్తున్నానని చెప్పమను." ఆమె వద్దంది. "నేను అబద్ధం చెబితే నా ముఖమే పట్టిచ్చేస్తుంది" అంది. నేనే బలవంతపెట్టాను.

బయలుదేరే రోజు ఆ కౌంటర్ దగ్గర ఎన్ని రోజులు అని అడిగారు. మూడు వారాలు అంది. హోటల్ ఎక్కడ? హోటల్ తీసుకోలేదు. టికెట్ ఎవరు కొన్నారు? నేనే అంది. కొన్నట్టు వచ్చిన ఈమెయిల్ చూపించమన్నారు. అందులో నా పేరుంది. అక్కడి నుంచి పక్కకు పంపారు. దాన్ని అక్కడ ‘సెకండరీ’ అంటారు, అంటే రెండో విడత తనిఖీ. ఒక ప్రశ్నాపత్రం నింపించారు. చేతిసంచిలో ఆమె కొలతలు తెప్పించుకుని మా అమ్మ కుట్టించి అంతకుముందే కొరియర్‌లో పంపిన రెండు పట్టు జాకెట్లు ఉన్నాయి, వేసుకుని చూసి తీసుకురమ్మని. తాజ్‌మహల్ చూడబోయే మనిషికి పట్టు జాకెట్లు ఎందుకు? ఆమె ఏడ్చేసింది. విమానం వెళ్లిపోయింది.

దీనికి అక్కడ అందరూ వాడే మాట ‘ఆఫ్‌లోడ్’. లారీలోంచి బస్తా దించినట్టు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం మర్యాదగా ‘ప్రయాణం వాయిదా’ అని ఉంటుంది.

ఆ రోజు ఆ గదిలో కూర్చున్నవారి మీద నాకు ఫిర్యాదు లేదు. అబద్ధం చెప్పమన్నది నేను, పట్టుబడింది ఆమె. ఇంకొక సంగతి నాకు నెల తర్వాత గానీ తెలియలేదు. ఫిలిప్పీన్స్ పల్లెల్లో ఎవరైనా విదేశానికి వెళ్తుంటే ఇంటిల్లిపాదీ వ్యాన్ కట్టించుకుని విమానాశ్రయానికి వస్తారు, మన జగిత్యాల నుంచో రాజంపేట నుంచో గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను సాగనంపినట్టే. ఆమె వెంట అమ్మానాన్న, మేనత్త, ఇద్దరు చెల్లెళ్లు, పక్కింటి ముసలావిడ వచ్చారు. అన్నం డబ్బాలు కట్టుకుని ఏడు గంటలు ప్రయాణం చేసి వచ్చారు. ఆ రాత్రే అదే వ్యాన్‌లో అందరూ తిరిగి వెళ్లారు. దారి పొడుగునా ఎవరూ నోరు విప్పలేదట. ఆ సమయంలో నేను ఇక్కడ కూర్చుని టికెట్ డబ్బులు ఎంత వెనక్కి వస్తాయో లెక్క వేసుకుంటున్నాను.

మీలో కొందరికి ఇప్పటికే ఒళ్లు మండుతూ ఉంటుంది. మేజరైన మనిషి, సొంత పాస్‌పోర్టు, చెల్లుబాటయ్యే వీసా ఉంటే ఆపడానికి వాళ్లెవరు అని. ఆ ప్రశ్న మీకంటే ముందు వాళ్లే అడిగారు. వాళ్ల 1987 రాజ్యాంగం మూడో అధికరణం ఆరో సెక్షన్ ప్రకారం జాతీయ భద్రత, ప్రజల భద్రత, ప్రజారోగ్యం కోసం, అదీ చట్టం చెప్పినట్టు తప్ప, ప్రయాణించే హక్కును అడ్డుకోకూడదు. 2022లో ఆ దేశపు విమానాశ్రయాల్లో 32,404 మంది ప్రయాణాన్ని ఆపారు. వారిలో అక్రమ రవాణా, అక్రమ నియామకాల బాధితులుగా తేలినవారు 472 మంది. ఆ లెక్క బయటకు వచ్చినప్పుడు అక్కడ పెద్ద రగడ జరిగింది. అదే రోజుల్లో, ఇజ్రాయెల్ వెళ్లాల్సిన ఒక యువతిని కాలేజీ ఇయర్‌బుక్ ఉందా అని అడిగారనీ, ఆమె విమానం తప్పిపోయిందనీ తెలిసి దేశమంతా నోరెళ్లబెట్టింది. వలసల బ్యూరో క్షమాపణ చెప్పుకుంది. 2023 ఆగస్టులో మరిన్ని కాగితాలు అడుగుతూ కొత్త మార్గదర్శకాలు ప్రకటించారు. సెప్టెంబరు 3 నుంచి అమలు చేయాలనుకున్నవాటిని జనం, సెనేటర్లు మండిపడటంతో అమలుకు ముందే పక్కన పెట్టారు.

అంటే వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఆ 472 మంది కూడా నిజమే కదా.

ఆ కౌంటర్ ఊరికే పుట్టలేదు. ఫోటోల పుస్తకం చూసి విదేశీయులు పెళ్లికూతుళ్లను ఎంచుకునే వ్యాపారం అక్కడ ఒకప్పుడు బాహాటంగా నడిచేది. దాన్ని నిషేధిస్తూ 1990లో ఒక చట్టం చేశారు, 2016లో దాని స్థానంలో ఇంకా గట్టిది తెచ్చారు. మనుషుల అక్రమ రవాణాపై 2003లో చేసిన చట్టానికి 2013లో ఒకసారి, 2022లో ఒకసారి పదును పెట్టారు. ఇది మనకు అర్థం కాని విషయమేమీ కాదు. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇళ్లలో పనికని కువైట్ వెళ్లిన ఆడవాళ్ల కథలు వినకుండా మనలో ఎవరూ పెరగలేదు. మన పాస్‌పోర్టుల్లోనూ ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని ఒకటి ఉంది. పదో తరగతి దాటని మనిషి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలనే నియమం కూడా ఉంది. దాన్ని తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెట్టి ‘బంధువుల ఇంటికి వెళ్తున్నానని చెప్పు’ అని నేర్పిస్తారు. నేను నా కాబోయే భార్యకు నేర్పినది కూడా ఆ మాటే. ఇక కంబోడియా సంగతి వేరే చెప్పాలా? డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లి సైబర్ మోసాల గదుల్లో చిక్కుకున్న మన కుర్రాళ్ల గురించి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టేదాకా ఎంతమందికి తెలుసు? అలాంటి గదుల్లోకే ఫిలిపినోలనూ తరలించారు. వాళ్లలో చాలామంది టూరిస్టులమని చెప్పే విమానం ఎక్కారు.

కాబట్టి ఆ కౌంటర్ వెనక కూర్చున్న అధికారిణి కళ్లతో ఒకసారి చూడండి. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. మొదటిసారి ఇండియా. టికెట్ వేరేవాళ్లు కొన్నారు. దిగేది ఒక మగవాడి ఇంట్లో. అతని పూర్తి పేరు అడిగితే తడబడుతోంది. ఈ కథలో అనుమానితుడు ఆమె కాదు తమ్ముళ్లూ, మీరు. మీ తరఫున సమాధానం చెప్పుకోవాల్సింది మాత్రం ఆమె, అదీ ఒంటరిగా, నిలబడి, వెనక క్యూ చూస్తుండగా.

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే ఆగుదాం, ఎందుకంటే ఎవరూ పట్టించుకోనిది ఇదే. దోహాలో నన్ను అందరూ ముద్దుపేరుతో పిలిచేవారు. ఆమె ఫోన్‌లోనూ అదే ఉంది, దాని పక్కన ఒక గుండె బొమ్మతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, వత్తులతో సహా. దాని తర్వాత తాతగారి పేరు, చివర్లో ఒక కుమార్. ఆఫీసు గుర్తింపు కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. బ్యాంకులో ఇంటిపేరు చివరికి వెళ్లింది. ఆహ్వాన పత్రంలో నేను ఇంకొక రకంగా సంతకం పెట్టాను. మనకు ఇది మామూలే, అక్కడ చూసేవారికి నలుగురైదుగురు మనుషులు. వాళ్ల పద్ధతి వేరు. అక్కడ మనిషి పేరు మధ్యలో తల్లి పుట్టింటి ఇంటిపేరు వస్తుంది. దాన్ని మనం రెండో పేరు అనుకుని వదిలేసి టికెట్ తీసేస్తాం, అఫిడవిట్ రాసేస్తాం. ఆమె పేరు ఆమె పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం రాయండి. మీ పేరు అన్ని చోట్లా ఒకేలా లేకపోతే, ఆ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ దగ్గర ఒక అఫిడవిట్ చేయించండి. ఆ తర్వాత ఆమెకు మీ ఇంటిపేరు పలకడం నేర్పండి. మా ఆవిడకు నేర్పడానికి నాకు వారం పట్టింది. మీ అమ్మానాన్నల పేర్లు, మీ ఊరు ఏ రాష్ట్రంలో ఉందో, మీరు ఏ పని చేస్తారో ఆమె తనంతట తాను చెప్పగలగాలి. చిలక పలుకుల్లా బట్టీ పట్టించమని కాదు. తెలియాలి, అంతే. మూడేళ్లు ప్రేమించిన మనిషికి మీ నాన్నగారి పేరు తెలియదంటే, ఆ అధికారిణికే కాదు, నాకూ అనుమానం వస్తుంది.

ఇక నియమాలు. అక్కడి 2015 మార్గదర్శకాల ప్రకారం మొదటి కౌంటర్‌లో చూసేవి కొన్నే. ఆరు నెలలకు తగ్గకుండా గడువున్న పాస్‌పోర్టు, అవసరమైతే వీసా, బోర్డింగ్ పాస్, తిరుగు టికెట్. వాటితోపాటు వయసు, చదువు, ఖర్చు పెట్టుకునే స్తోమత గమనిస్తారు. బయలుదేరే ముందు 72 గంటల్లోపు ఈ-ట్రావెల్ అనే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేసుకోవాలి. అది ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే మూసేయండి. మీరంతా కలవరించే సపోర్ట్ అఫిడవిట్, అంటే ఆమె ఖర్చులు నావేనని రాసిచ్చే ప్రమాణపత్రం, దాని దగ్గర ఒక మెలిక ఉంది. ప్రయాణికురాలికి సొంత స్తోమత లేనప్పుడు, చట్టం లెక్కలో నాలుగో మెట్టు (సివిల్ డిగ్రీ) లోపు రక్తసంబంధీకులో పెళ్లి ద్వారా బంధువులో ఇచ్చిన అఫిడవిట్‌ను పరిగణిస్తామని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. కాబోయే భర్త ఆ లెక్కలోకి రాడు. మీ ప్రేమ ఎంత గొప్పదైనా చట్టం దృష్టిలో మీరు ఇంకా పరాయివారే. అఫిడవిట్ పంపవద్దని నేను అనడం లేదు. ఇక్కడి ఫిలిప్పీన్స్ ఎంబసీ ముందు సంతకం పెట్టిందో, మన విదేశాంగ శాఖ అపోస్టిల్ (ఇతర దేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ) వేసిందో ఒకటి పంపండి. 2019 మే నుంచి ఫిలిప్పీన్స్ కూడా అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. కానీ ఆ ఒక్క కాగితం తలుపులు తెరిచే తాళంచెవి అనుకోకండి.

అసలు తాళంచెవి సి.ఎఫ్.ఓ. అంటే విదేశాల్లోని ఫిలిపినోల వ్యవహారాలు చూసే కమిషన్, 1980లో ఏర్పడింది. విదేశీయుణ్ని పెళ్లి చేసుకున్నవారు, చేసుకోబోయేవారు అక్కడ కౌన్సెలింగ్‌కు హాజరై ధ్రువపత్రం తీసుకోవాలి. అది లేకుండా కాబోయే భర్త దగ్గరకు బయలుదేరితే సెకండరీకి పంపిస్తారు. మీలో చాలామంది దీన్ని ఒక దండగ తతంగం అంటారు. నేనూ అన్నాను. కౌన్సెలింగ్ అయిన రాత్రి ఆమె ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగింది. మీ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? నీకు అప్పులు ఎన్ని? నేను అక్కడ ఉద్యోగం చేస్తానంటే మీ వాళ్లు ఒప్పుకుంటారా?

నాకు కోపం వచ్చింది. నన్ను అనుమానిస్తున్నావా అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "వాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు" అంది.

నిజమే. చెల్లి పెళ్లికి తీసుకున్న ఆరు లక్షల అప్పు గురించి నేను ఎన్నడూ చెప్పలేదు. మన ఇళ్లలో సంబంధం కుదుర్చుకునేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు. పిల్ల మేనమామ వరుడి ఊరికి వెళ్లి, వీధి చివర టీకొట్టు దగ్గర కూర్చుని ఆరా తీసి వస్తాడు. పిల్లవాడు తాగుతాడా, ఇంతకుముందు పెళ్లయిందా, పొలం తాకట్టులో ఉందా అని. సముద్రాల అవతలి అమ్మాయికి రాజమండ్రి వచ్చి టీకొట్టు దగ్గర కూర్చునే మేనమామ ఎక్కడి నుంచి వస్తాడు? ఆ మేనమామ పనినే అక్కడి ప్రభుత్వం ఒక గదిలో, ఒక కౌన్సెలర్‌తో చేయిస్తోంది. మర్నాడు నేను జీతం చీటీలు, బ్యాంకు పుస్తకం, అప్పు పత్రం, నాకు ఇంతకుముందు పెళ్లి కాలేదన్న ధ్రువీకరణ, ఇల్లు నాన్న పేరు మీద ఉన్న పన్ను రశీదు, అన్నీ స్కాన్ చేసి పంపాను. కౌంటర్‌లో చూపించడానికి కాదు, ఆమె చదువుకోవడానికి. మీరు కూడా ఫైలు అక్కడి నుంచి మొదలుపెట్టండి. విడాకులైన వారు ఆ తీర్పు నకలు మొదటి రోజే పంపండి. దాన్ని ఆమె కౌంటర్ దగ్గర తెలుసుకునే పరిస్థితి తెస్తే మీ ముఖం నాకు చూపించకండి.

మీలో మెజారిటీ చేసే ఇంకో పొరపాటు, ఆమెను ముందు ఇక్కడికి రమ్మనడం. ముందు మీరు వెళ్లండి. నా రోజుల్లో వీసా తీసుకుని, దారిలో ఇంకో దేశంలో విమానం మారి వెళ్లాల్సి వచ్చేది. 2025 జూన్ నుంచి మనవాళ్లు 14 రోజులు వీసా లేకుండా ఫిలిప్పీన్స్ వెళ్లవచ్చన్నారు. అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి మనీలాకు నేరుగా విమానం వేసింది. ఇక సాకులేమున్నాయి? అక్కడ పమమన్‌హికన్ అని ఒక ఆచారం ఉంది. వరుడు తల్లిదండ్రులతో కలిసి వధువు ఇంటి మెట్లెక్కి పిల్లనివ్వమని అడగడం. మన నిశ్చయ తాంబూలాలకు అక్కచెల్లెలు అనుకోండి. 2019లో మా అమ్మ కుంకుమభరిణె, చీర, డజను పూతరేకులు పట్టుకుని వెళ్లింది. పూతరేకు చేతిలో పెట్టగానే వాళ్ల నాన్న కాగితం విప్పాలేమో అనుకుని పొరలు వలవడం మొదలుపెట్టాడు. అందరూ కడుపుబ్బ నవ్విన ఆ క్షణంలో ఎవరో తీసిన ఫోటో ఉంది. మీ పాస్‌పోర్టులో పడిన ముద్ర, అలాంటి ఒక ఫోటో, వంద పేజీల వాట్సాప్ సంభాషణల ముద్రణ కంటే గట్టి సాక్ష్యం. ఆ సంభాషణలు ముద్రించి పంపే అలవాటు కూడా మానండి. మీ ముచ్చట్లు ఒక అపరిచితుడి ముందు ఆమె ఎందుకు పరచుకోవాలి?

పెళ్లి ఎక్కడ అన్నది ముందే తేల్చుకోండి, ఎందుకంటే టికెట్ తేదీలు దాని మీదే ఆధారపడతాయి. ఇక్కడ ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలంటే ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం మరో 30 రోజులు ఆగాలి. పదిహేను రోజుల తిరుగు టికెట్ చేతిలో పెట్టుకుని ‘పెళ్లి చేసుకోవడానికి వెళ్తున్నాను’ అంటే, లెక్కలు వచ్చిన ఏ అధికారైనా ఆపుతాడు. అక్కడైతే పెళ్లి లైసెన్సు కోసం దరఖాస్తు వివరాలను పది రోజులు నోటీసు బోర్డు మీద ఉంచుతారు. మీకు పెళ్లి చేసుకునే అర్హత ఉందని మన ఎంబసీ ఇచ్చే పత్రం కావాలి. లైసెన్సు వచ్చాక 120 రోజులు చెల్లుతుంది. వీసా లేని 14 రోజుల్లో ఇదంతా ముగించాలంటే ఊపిరాడదు, పెళ్లికే వెళ్లేవారు వీసా తీసుకుని వెళ్లండి. మేం అక్కడే మేయర్ కార్యాలయంలో చేసుకున్నాం. తలంబ్రాలు తర్వాత రాజమండ్రిలో పోసుకున్నాం.

డబ్బు గురించి రెండు మాటలు. ప్రయాణానికి వారం ముందు ఆమె ఖాతాలో లక్షలు కుమ్మరించకండి. దాన్ని అక్కడ ‘షో మనీ’ అంటారు, చూడగానే తెలిసిపోతుంది. ఖర్చు మీరు పెడుతున్నట్టయితే మీరే పెడుతున్నారని ఆమె చెప్పనివ్వండి. అందులో సిగ్గు లేదు. లోపల మనిషి ఉన్నాడు, ఇంత ఇస్తే దాటిస్తాడు అనే మాట ఎవరి నోట విన్నా ఆ ఫోన్ నంబరును వెంటనే బ్లాక్ చేయండి.

2019 చివర్లో ఆమె రెండోసారి బయలుదేరింది, అదే వ్యాన్‌లో, అదే బలగంతో. పక్కింటి ముసలావిడ ఈసారి రానని భీష్మించుకుందట, పోయినసారి తన వల్లే అపశకునమైందని. బతిమాలి ఎక్కించారు. ఫైల్లో పెళ్లి పత్రం, సి.ఎఫ్.ఓ. ధ్రువపత్రం, మన ఎంట్రీ వీసా అన్నీ ఉన్నాయి. ఎక్కడికి అన్నారు. మా అత్తవారింటికి అంది. భర్త పేరు అన్నారు. ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆ అధికారిణి తల ఎత్తి, ఇంకోసారి చెప్పమందట, రాసుకోవడానికి కాదు, వినడానికి. ఫైలు అడగలేదు. ముద్ర వేసింది.

చేతిసంచిలో ఆ రెండు పట్టు జాకెట్లే ఉన్నాయి. ఏడాదిన్నరలో కాస్త బిగుతయ్యాయి. మా అమ్మ కుట్లు విప్పి సరిచేసింది.

ఇట్లు,
ఒక ఫిలిపినో ఇంటి తెలుగు అల్లుడు,
రాజమండ్రి